కొత్త గిటార్ పక్కన ఏమేమి ఉండాలి

గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టిన తొలి నెలంతా, కొన్న రోజున తీగలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి వాయించాను. మూడు నాలుగు స్వరాలు కలిపి పట్టే కార్డ్ ఏది పట్టినా అపశ్రుతిగానే వినిపించేది. తప్పు నా వేళ్లదేనని నమ్మి, సరిగ్గా పడిన వేళ్లను కూడా తీసి మళ్లీ మళ్లీ మార్చి పట్టేవాణ్ణి. తప్పు వేళ్లది కాదు, శ్రుతి కలపని తీగలదని తెలిసేసరికి నెల గడిచిపోయింది. అందుకే కొత్తవారు ఎవరైనా ఏమేమి కొనాలని అడిగితే, నా కొలమానం ఒక్కటే: తప్పు చేతిలో ఉందా, వాద్యంలో ఉందా అన్నది తేల్చి చెప్పగలిగే వస్తువు ముందు కొనాలి, మిగిలినవి తరవాత చూసుకోవచ్చు.

ఆ లెక్కన మొదటిది, తీగ శ్రుతిలో ఉందో లేదో చూపే ట్యూనర్. గిటార్ తలకు తగిలించుకునే క్లిప్ ట్యూనర్ గాలిలోని శబ్దాన్ని కాక చెక్కలోని కంపనాన్ని పట్టుకుంటుంది కాబట్టి, పక్కన ఎవరైనా మాట్లాడుతున్నా దాని పని అది చేసుకుపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అయితే ఫోన్‌లోని ట్యూనర్ కూడా సరిపోతుంది. ఏది వాడినా ప్రామాణిక స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే పొరపాటున ఏదో బటన్ నొక్కుకుని ఆ అంకె మారితే, మీ తీగలు వాటిలో అవి కలిసినా పాఠంలో వాయించేవారితో మాత్రం కలవవు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా స్వరాలు వరుసగా ఈ, ఏ, డి, జి, బి, ఈ. లావు ఈ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగితే, సన్న ఈ దానికి నాలుగింతలు, అంటే రెండు స్థాయిలు పైన, దాదాపు 330 దగ్గర మోగుతుంది.

శ్రుతి చేసేటప్పుడు తీగ కావలసినదానికన్నా హెచ్చుగా ఉంటే, సరైన చోటికి దించి అక్కడితో ఆపేయకూడదు. ఇంకొంచెం కిందికి దించి, మళ్లీ బిగిస్తూ పైకి వచ్చి ఆగాలి. దించి ఆపేస్తే, తీగను బిగించే కీలో మిగిలిన వదులు రెండు నిమిషాల వాయింపుకే జారి తీగను మళ్లీ శ్రుతి తప్పిస్తుంది. ఒకసారి నేను రెండో తీగను మీటుతూ, గమనించకుండా మొదటి తీగ (లెక్క సన్న తీగ నుంచి) కీ తిప్పుతున్నాను. ట్యూనర్ ముల్లు కదలడం లేదని ఇంకా ఇంకా బిగించాను. సన్న తీగ తెగి మణికట్టు మీద చురుక్కుమని తగిలింది. అప్పటి నుంచి కీ దగ్గర మొదలుపెట్టి తీగ వెంట వేలు జరుపుకుంటూ వచ్చి, ఇదే ఆ తీగ అని చూసుకున్నాకే తిప్పుతాను.

తీగలు తెగుతాయి కాబట్టి అదనంగా ఒక సెట్ ఇంట్లో ఉంచుకోవడం అవసరం. ఉక్కు తీగల గిటార్‌కు మొదటి తీగ 0.010 లేదా 0.011 అంగుళాల మందం ఉండే సెట్ లేత వేళ్లకు తేలిక. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు మాత్రం ఉక్కు తీగలు ఎన్నటికీ వేయకూడదు. మామూలు నైలాన్ సెట్ మొత్తం సుమారు 40 కిలోల బలంతో లాగితే, 0.012తో మొదలయ్యే ఉక్కు సెట్ సుమారు 70 కిలోల బలంతో లాగుతుంది. ఆ బలానికి తట్టుకునేలా క్లాసికల్ గిటార్‌ను కట్టరు కనుక తీగలను పై చెక్కకు పట్టి ఉంచే బ్రిడ్జి ఊడిపోవచ్చు, పై చెక్క ఉబ్బిపోవచ్చు.

ఉపకరణం కాకపోయినా తీగల ఎత్తు సరిచేయించడానికి ఖర్చు పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు: పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య ఎడం ఎంతుందో స్కేలు పెట్టి కొలవండి. ఉక్కు తీగల గిటార్‌లో అది సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే ఇబ్బంది లేదు. 4 దాటితే ఎంత నొక్కినా వేళ్లు నొప్పి పుట్టడమే తప్ప స్వరం శుభ్రంగా రాదు, అప్పుడు మరమ్మతు తెలిసినవారితో సరిచేయించుకోవాలి.

కూర్చోవడానికి చేతులు లేని కుర్చీ కావాలి, ఎందుకంటే కుర్చీ చెయ్యి గిటార్‌ను పక్కకు నెట్టి మోచేతికి చోటు లేకుండా చేస్తుంది. కూర్చుని వాయించేవారికి స్ట్రాప్, అంటే భుజానికి తగిలించుకునే పట్టీ, అక్కరలేదని చాలామంది అంటారు గానీ, నేను ఒప్పుకోను. కుడిచేతి వాటంవారు గిటార్ ఒడిలో పెట్టుకుని ఎడమచెయ్యి పూర్తిగా తీసేసి చూడండి: గిటార్ మెడ కిందికి వాలిపోతే, మీ ఎడమచెయ్యి ఇన్నాళ్లూ స్వరం పట్టడంతో పాటు గిటార్‌ను మోస్తోందన్నమాట. స్ట్రాప్ ఆ బరువు తీసుకుంటుంది. క్లాసికల్ పద్ధతిలో అదే పని ఎడమపాదం కింద పెట్టే చిన్న పీట చేస్తుంది. వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడాలన్న ఆత్రంలో గిటార్‌ను పైకప్పు వైపు వంచుకోవడం కొత్తవారందరిలో కనిపిస్తుంది. అలా వంచితే మణికట్టు మెలిపడి, చిటికెన వేలికి అందవలసిన తీగ అందకుండా పోతుంది. ఎదురుగా అద్దం పెట్టుకుంటే వంచకుండానే చూసుకోవచ్చు.

తీగలు మీటే చిన్న బిళ్ల, పిక్ విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. 0.7 మిల్లీమీటర్ల దగ్గరిది ఒకటి, అంతకన్నా పలచనిది ఒకటి, మందమైనది ఒకటి తెచ్చుకుంటే చేతికి ఏది నచ్చుతుందో వారంలో తెలుస్తుంది. శ్రుతి పెంచడానికి మెడకు బిగించే క్లిప్, కాపో, తొలి రెండు నెలలు అక్కరలేదు.

సమానంగా తాళం వేసే మెట్రోనోమ్ మాత్రం మొదటి వారం నుంచే ఉండాలి, ఫోన్‌లోనిదైనా చాలు. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుని, నాలుగు దెబ్బలకొకసారి ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు మారండి. వేళ్లు దెబ్బకు ముందే చేరుతున్నాయా, తరవాత చేరుతున్నాయా అన్నది అది లేకుండా మన చెవికి తెలియదు, మారేటప్పుడు మనకు తెలియకుండానే కాలం సాగదీస్తాం. 60 దగ్గర తడబడితే 50కి దిగడంలో చిన్నతనం లేదు. తడబాటు లేకుండా వరుసగా కొన్నిసార్లు వచ్చాకే నాలుగైదు దెబ్బలు పెంచాలి.

ఇక గిటార్ ఉండే చోటు. బ్యాగులో, బీరువా పైన ఉన్న గిటార్‌ను తీయడానికి పట్టే రెండు నిమిషాలే చాలా రోజుల సాధనను మింగేస్తాయి. స్టాండ్ మీద, కుర్చీకి చేయి చాచే దూరంలో ఉంటే పదిహేను నిమిషాల ఖాళీ దొరికినా చేతిలోకి వస్తుంది. అయితే ఆ చోటు ఎండ పడే కిటికీ పక్కనో, ఏసీ గాలి నేరుగా తగిలేచోటో కాకూడదు. చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. మరీ పొడిబారితే పగుళ్లు వస్తాయి, మరీ ఎక్కువైతే చెక్క ఉబ్బి తీగల ఎత్తు మారిపోతుంది. గాలి బాగా పొడిగా ఉండే నెలల్లో గిటార్‌ను పెట్టెలో ఉంచి, తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి అందులో వేయడం మంచిది. వాయించిన తరవాత మెత్తని పొడిగుడ్డను తీగ కిందినుంచి కూడా తిప్పి ఒక్కొక్క తీగనూ తుడవండి. చెమట మిగిలిన తీగ తుప్పుపట్టి వేలి కింద గరుకుగా తగులుతుంది, దాని మోతలోని మెరుపూ తగ్గిపోతుంది.