బల్ల నుంచి ఆపేశాక: నా అనుభవం

మా అన్నయ్యని క్షమించాను. ఇది రాస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయాక చేపల చెరువు లీజులో నా వాటా డబ్బులు అన్నయ్య తన దగ్గరే ఉంచేసుకున్నాడు. ఇలాంటి గొడవలు మా వైపు వీధికొకటి ఉంటాయి కాబట్టి వివరాలు రాయను. క్షమించాలని నేను చేయని ప్రయత్నం లేదు. ఉపవాసం ఉన్నాను, డైరీలో తీర్మానాలు రాసుకున్నాను, ప్రార్థన కూటాల్లో చెయ్యెత్తాను. తెల్లారి చెరువు గట్టు మీద అతని బండి కనబడగానే కడుపులో మంట. ఆపైన ‘నేనేం విశ్వాసిని’ అన్న కుమిలిపోవడం.

ఒక శనివారం సాయంత్రం మా క్రైస్తవ సంఘ పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు. టీ తాగి, మత్తయి సువార్త 5వ అధ్యాయం తీసి, కానుక బలిపీఠం దగ్గర పెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట చదివారు. “అప్పటిదాకా రొట్టె పుచ్చుకోవద్దమ్మా” అన్నారు. అంటే ఆరాధనలో యేసు మరణాన్ని తలచుకుంటూ అందరం రొట్టె పంచుకునే ప్రభువు బల్ల నుంచి నన్ను ఆపేశారు.

మర్నాడు ముసుగేసుకుని ఎప్పటి చోటే చాప మీద కూర్చున్నాను. రొట్టె పళ్లెం వరసలో చేతులు మారుతూ వచ్చింది. నా పక్కావిడ నాకివ్వబోయి ఆగి, నా ఒడి మీంచి చెయ్యి చాపి అవతలామెకి అందించింది. పళ్లెం కింద వేలాడుతున్న తెల్లగుడ్డ అంచు నా మోకాలికి రాసుకుంటూ పోయింది. మగవాళ్ల వైపు ముందు వరసలో అన్నయ్య రొట్టె తుంచుకున్నాడు. అతన్ని ఎవరూ ఆపలేదు!

పెద్దలు చదివిన ఆ వాక్యం చెప్పేదేంటి? నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉంటే నువ్వు వెళ్లు అని. నష్టపోయినవాళ్ల సంగతి అదే సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ముందు ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. నేను ఒంటరిగా మాట్లాడాను. వెంట రమ్మంటే “ఆస్తి గొడవల్లోకి మేం రాము” అన్నది ఈ పెద్దలే. 1836లో ఇంగ్లండు నుంచి మిషనరీలుగా బౌడెన్, బీర్ దంపతులు వచ్చిన కాలం నుంచీ సువార్త వింటున్న గోదావరి డెల్టా ఇది. వాక్యం పట్టుకుని ఎవరైనా మీ మీదికొస్తే, అమ్మల్లారా, మీ బైబిలు మీరే తెరిచి ముందూ వెనకా చదవండి.

నన్ను గట్టెక్కించింది పాలకొల్లులో ఉండే మా పిన్ని. “దేవుడికి మాటివ్వడం మానెయ్యవే. కోపం ఉందిగా, అదే చెప్పు” అని 55వ కీర్తన తీసిచ్చింది. అందులో దావీదు, శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి, కలిసి దేవుని మందిరానికి నడిచిన నువ్వా ఇలా చేశావు అని ఏడుస్తాడు. వాళ్లకి చావు రావాలని కూడా అంటాడు. రోజూ పొద్దున్నే పెరట్లో కూర్చుని దాన్ని పైకి చదివేదాన్ని. తీర్మానాలేవీ చేయలేదు.

తర్వాత బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక పట్టుకున్నాను. 7వ అధ్యాయంలో పౌలంతటివాడు మేలు చేయాలని ఉంది గానీ చేయలేకపోతున్నానని మొరపెట్టుకుంటాడు. 8వ అధ్యాయం మొదలవడమే ‘ఏ శిక్షావిధియు లేదు’ అని. ముందు నేను బాగుపడి, ఆ తర్వాతే ఆ వచనం దగ్గరికి రావాలని ఇన్నేళ్లూ అనుకున్నాను. పౌలు అలా రాయలేదు. గలతీ పత్రికలోనూ దీర్ఘశాంతం, అంటే ఓర్పు, పరిశుద్ధాత్మ ఇచ్చే ఫలం అనే ఉంది. పళ్లు బిగించి తెచ్చుకోమని ఎక్కడా లేదు.

పోయిన బుధవారం నరసాపురం బస్టాండు దగ్గర అన్నయ్య కుంటుతూ ఎదురొచ్చాడు. “మోకాలు ఎలా ఉందన్నయ్యా?” అనేశాను. ముందు అనుకుని అన్నది కాదు. ఇంటికొచ్చి ఆ మంట కోసం వెతుక్కున్నాను. లేదు.

లీజు డబ్బులు మాత్రం వదల్లేదు, లాయరు చేత నోటీసు పంపించాను. క్షమించావుగా, ఇంకా డబ్బెందుకని పెద్దలు కబురు పెట్టారు. సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, నేను అసలు మాత్రమే అడుగుతున్నానని చెప్పి పంపాను.