రుద్రమదేవి సినిమా ఆగిన చోట

గుణశేఖర్ తానే నిర్మాతగా, దర్శకుడిగా 2015లో తెరకెక్కించిన ‘రుద్రమదేవి’ని ఇటీవల మరోసారి చూశాను. గ్రాఫిక్స్ అక్కడక్కడా తేలిపోయినా, యువరాజు వేషంలోని రుద్రదేవుడికీ, అంతఃపుర ఏకాంతంలోని రుద్రమకూ మధ్య తేడాను నిలుచునే తీరులోనే చూపించిన అనుష్క నటన ఇప్పటికీ అంతే నిండుగా అనిపించింది.

నా అసంతృప్తి కథ ఎంపికకు సంబంధించినది. పుట్టింది ఆడపిల్ల అన్న సంగతిని తండ్రి, కాకతీయ రాజు గణపతిదేవుడూ మంత్రి శివదేవయ్యా లోకానికి తెలియకుండా దాచడం, ఆ రహస్యం ఎప్పుడు బయటపడుతుందోనన్న ఉత్కంఠ, ఈ రెండింటి మీదే సినిమాలో సగానికి పైగా నడుస్తుంది. శాసనాలు ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామంతో పేర్కొన్న మాట నిజమే కాబట్టి ఆ కల్పనకు ఆధారం లేదనలేము. కానీ 1262 ప్రాంతంలో పాలన చేపట్టి, దాదాపు 27 ఏళ్లు రాజ్యాన్ని నిలబెట్టిన మనిషి జీవితంలో అసలు నాటకీయత కిరీటం పెట్టుకున్న తర్వాతే మొదలవుతుంది కదా! పైగా ఉన్న కాస్త చోటులోనూ గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణ యాసతో వచ్చి చప్పట్లన్నీ పట్టుకుపోతాడు. ఆ పాత్ర ఎంత హుషారుగా ఉన్నా, టైటిల్ పాత్ర పక్కకు జరిగినట్లు అనిపించక మానదు.

దేవగిరి యాదవ రాజు మహాదేవుడిపై విజయంతో సినిమా ముగుస్తుంది. వరంగల్ కోటలోని స్వయంభూ దేవాలయానికి ఆమె కట్టించిన రంగమండపంలో, సింహం మీద కూర్చుని కత్తీ డాలూ పట్టిన స్త్రీ శిల్పం ఒకటి దొరికింది. ‘రాయగజకేసరి’ (శత్రురాజులనే ఏనుగులకు సింహం) అన్న బిరుదు పొందిన రుద్రమ రూపమే అదని చరిత్రకారులు భావిస్తారు. సినిమాకు ఆ విజయగర్వం చాలనిపించినట్లుంది.

ఆ తర్వాతి కథ మరింత బరువైనది. కాకతీయులకు సామంతులైన కాయస్థుల వంశం నుంచే అంబదేవుడు తిరుగుబాటు చేశాడు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి చేరుకోగా, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూమిని దానం చేసినట్లు అందులో ఉంది. మరణం ఎలా సంభవించిందో శాసనం చెప్పదు. రాణీ సేనానీ ఒకేసారి ప్రస్తావనకు రావడాన్ని బట్టి, అంబదేవుడితో పోరులోనే ఇద్దరూ నేలకొరిగి ఉంటారని పరిశోధకులు ఊహించారు.

మనవడు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా తీర్చిదిద్దిన పెద్ద వయసులో, నిన్నటి సామంతుడి మీదకే సైన్యాన్ని నడిపించిన ఆ రుద్రమను తెరమీద చూడాలని నా కోరిక. ఆ కథ తీసేవారు ప్రేమపాటలకు చోటు వెతుక్కోనక్కర్లేదు, అనుష్కను మాత్రం మళ్లీ అడగవచ్చు.