నాలుగు పొరల పెచ్చు

ఆదివారం ఏడింటికి గానీ లేవని నేను ఈ రోజు తెల్లవారుజామున మూడున్నరకే లేచి, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన చాప పరుచుకుని, ఫోనులో మిత్రుడి వీడియో కాల్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ వేళకు ఇంగ్లండులోని లీడ్స్‌లో శనివారం రాత్రి పదకొండు గంటలు. అక్కడ చదువుకున్న రెండేళ్లలో నేను దాదాపు ఒక్క వారమూ తప్పకుండా వెళ్లిన గాత్ (నల్ల బట్టలు, కాటుక వేషాల దిగులు రాక్ సంగీతం), ఇండస్ట్రియల్ (యంత్రాల మోతలాంటి సంగీతం) క్లబ్ రాత్రికి అదే ఆఖరు. ఇరవై ఏళ్లకు పైగా నడిచినదాన్ని, లీజు పొడిగించేది లేదని భవనం యజమాని నెల ముందు చెప్పి మూయించేశాడట. ఆరు నెలల గడువైనా ఇచ్చి ఉండవలసింది. 1982లో లండన్ సోహోలో మొదలై, ఈ వేషాలన్నింటికీ పుట్టిల్లనిపించుకున్న బ్యాట్‌కేవ్ క్లబ్బే ఎక్కువ కాలం నిలవలేదు కాబట్టి, ఇది ఇన్నాళ్లు నిలవడమే గొప్పని మిత్రులు సర్దిచెప్పుకుంటున్నారు. నాకు మాత్రం మనసు సర్దుకోలేదు.

మొదటిసారి ఆ మెట్లు దిగినప్పుడు నాతో వచ్చిన హైదరాబాదు కుర్రవాడు పది నిమిషాలకే చెవులు మూసుకుని బయటికి పోయాడు. 1976లో త్రాబింగ్ గ్రిజిల్ బృందం తమ రికార్డుల సంస్థకు ఇండస్ట్రియల్ అని పేరు పెట్టుకున్న నాటి నుంచీ ఆ సంగీతానిది కార్ఖానా చప్పుడే; బెర్లిన్‌లో ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ వాళ్లయితే డ్రిల్లింగ్ యంత్రాలనూ ఇనుప రేకులనూ వేదిక మీదికే తెచ్చారు. లీడ్స్‌లోనే 1980లో పుట్టిన సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందంలో డ్రమ్ములు వాయించేది మనిషి కాదు, యంత్రం. దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. మా నాన్న తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరు. చిన్నప్పుడు అన్నం క్యారియరు తీసుకుని గేటు దాకా వెళితే లోపలి నుంచి నాకు వినబడింది ఇంచుమించు ఇదే.

ఇక వేషాల సంగతి. కాటుక పెట్టుకున్న మగవాళ్లను, మొహాలకు తెల్ల రంగు పూసుకున్నవాళ్లను చూసి నేను జడుసుకుంటానని అక్కడివాళ్లు ఎదురుచూశారు. బైరాగి వేషానికి సుద్ద, తోటి వేషానికి బొగ్గు పూసుకుని, మీసాలు తీయకుండానే చీరలు కట్టి వీధుల్లో తిరిగే గంగజాతర ఊరివాణ్ణి నేను. నిత్యం గుండ్లు చూసే తిరుపతివాణ్ణి, సగం గొరిగిన తలల్ని చూసి అసలే బెదరను. రెండో ఏడు వెళ్లేటప్పుడు అమ్మ చేసిచ్చిన కాటుక భరిణె తీసుకెళ్లాను. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి, నేతితో మెదిపి చేసింది. దిష్టి తగలకూడదని ఇచ్చిందే గానీ, అది ఎన్ని కళ్లకు ఎక్కిందో అమ్మకు తెలియదు. చెమట పట్టగానే అది చెంపల మీదికి జారేది. కొట్లో కొన్నవి అలా జారవని వాళ్లకు అదే తెగ నచ్చింది.

ఏడున్నరకు చివరి పాట అయిపోయింది, లైట్లు వేశారు. ఆ హాలును వెలుతురులో నేనెన్నడూ చూడలేదు. నలుపనుకున్న గోడలు నిజానికి ముదురు గోధుమ రంగువి. గచ్చు మీద మూడు చోట్ల సిమెంటు మాసికలున్నాయి. అప్పుడే వడియాల గుడ్డ పట్టుకుని పైకి వచ్చిన అమ్మ నా మొహం చూసి, "ఏమిరా, ఎవురన్నా పొయినారా?" అంది. క్లబ్బు మూసేసినారమ్మా అంటే, ఫోనులోకి తొంగిచూసి, "కాటికంతా కారిపొయ్యేట్టు ఏడస్తా ఉండారే పాపం" అని నా పక్కనే కూర్చుంది.

ఎవరో గోడకున్న పాత పోస్టరు అంచు గోటితో లేపారు, తర్వాత అందరూ అదే పనిలో పడ్డారు. మా మిత్రుడు తనకు దక్కిన పెచ్చును ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించాడు. అరచేతంత ఉంది, అంచున నాలుగు పొరలు, జిగురు ఎండి పచ్చబారింది, అడుగు పొరలో ఊదా రంగు అక్షరం ఒకటి సగం కనబడుతోంది.

మొన్న బుధవారం తెల్లవారుజామున జాతర ముగింపులో, మట్టితో చేసిన గంగమ్మ విశ్వరూపం చెంప నరికినప్పుడు, ఆ మట్టి కోసం ఎగబడ్డ జనంలో దూరి మా తమ్ముడు ఒక ముద్ద తెచ్చాడు. అది మా దేవుడి గూట్లో ఉంది. అదే గుర్తొచ్చిందో ఏమో, "దాన్ని యాడ పెట్టుకుంటాడంటరా?" అని అమ్మ అడిగింది. నేను ఇంగ్లీషులో అడిగితే, ఫ్రిజ్ తలుపు మీద అని అతను చెప్పాడు. అమ్మకు అది నచ్చలేదు. జాతరకు లీజులుండవు, వచ్చే ఏడు మట్టి మళ్లీ వస్తుందని నేను అనబోయి, ఊరుకున్నాను.

ఫోను పెట్టేసే ముందు, ఆ కాటుక ఇంకా దొరుకుతుందా అని అతను అడిగాడు. సాయంత్రం అంగట్లో అర లీటరు ఆముదం కొన్నాను. అమ్మ మూత తీసి వాసన చూసి, ఇది కల్తీది, మార్చుకొని రమ్మంది. అంగడి అప్పటికే కట్టేశారు.