రెండు షామియానాలు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్నుంచీ ముసురు. అమ్మాయి వాళ్ళ ఫ్లాటు బాల్కనీలో చాప వేసుకుని నేనూ, మా వియ్యంకులవారూ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. కిలోన్నర కాయలు. ఆయన నిన్న గుంటూరు నుంచి వచ్చారు, నేను హన్మకొండ నుంచి శుక్రవారమే దిగాను. బుధవారం మనవరాలి పుట్టినరోజు.

ఏదో మాటల్లో బావగారు అన్నారు: "సమ్మెలో ఇట్లాగే రోడ్డు మీద కూర్చుని వంకాయలు తరిగేవాళ్ళం. 66 రోజులు."

నా చెయ్యి ఆగిపోయింది. పిల్లల పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ రోజుల ఊసు మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరం ఆ సంగతి పక్కన పెట్టుకున్నాం. ఆయనది 2013 సమ్మె, సమైక్యాంధ్ర కోసం. నాది 2011లో సకల జనుల సమ్మె, తెలంగాణ కోసం. సెప్టెంబర్ 13న మొదలై అక్టోబర్ 24న ముగిసింది, 42 రోజులు. ఇద్దరం ఎన్జీవోలమే, అంటే నాన్ గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులం. రెండు ఊళ్ళలో, రెండేళ్ళ తేడాతో, ఒకరికి వ్యతిరేకంగా ఒకరం షామియానా కింద కూర్చున్నాం.

"మేము కూడా రోడ్డు మీద వండినం బావగారూ," అన్నాను. "చౌరస్తాల పొయ్యి పెట్టి."

ఇక మొదలైంది. మీరు రిలే నిరాహార దీక్షలు చేశారా? చేసినం. దిష్టిబొమ్మకు పాడె కట్టారా? కట్టినం, డప్పు కూడా కొట్టించినం. ఐక్య కార్యాచరణ కమిటీలు, అదే జేఏసీల్లో, వకీళ్ళొక జేఏసీ, డాక్టర్లొక జేఏసీ, విద్యార్థులొక జేఏసీ? అవును, అవును. మా ఆడబిడ్డలు రోడ్డు మీద బతుకమ్మ ఆడారు, వాళ్ళ ఆడవాళ్ళు రోడ్డు మీద ముగ్గులు పెట్టారు. మా సమ్మెలో సింగరేణి బొగ్గు ఆగి కరెంటు కోతలు వచ్చాయి. వాళ్ళ సమ్మెలో విద్యుత్ ఉద్యోగులు విధులు మానేసి అక్టోబర్‌లో ఊళ్ళకు ఊళ్ళే చీకట్లో ఉన్నాయి. రాజీనామా చేయని ఎమ్మెల్యే మా దగ్గర తెలంగాణ ద్రోహి, వాళ్ళ దగ్గర సమైక్య ద్రోహి.

కాసేపు నవ్వుకున్నాం కూడా. నవ్వు ఆగిపోయింది మాత్రం బావగారు వాళ్ళ షామియానాకు కట్టిన బ్యానరు సంగతి చెప్పినప్పుడు. విడిపోతే కృష్ణా నీళ్ళు రావు, హైదరాబాద్ ఆదాయం పోతుంది, మా పిల్లలకు ఉద్యోగాలుండవు. అదీ వాళ్ళ బ్యానరు. నీళ్ళు, నిధులు, నియామకాలు! పదేళ్ళకు పైగా మేము గొంతు చించుకుని అరిచిన మూడు మాటలూ ఆ మూడే. కలిసి ఉండటం వల్ల పోతున్నాయని మేము, విడిపోతే పోతాయని వాళ్ళు.

తెలంగాణ సంగతి పరిశీలించమని కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక కూడా అంతే. 2010 డిసెంబర్ చివర్లో వాళ్ళు ఇచ్చిన నివేదికలో ఆరు మార్గాలున్నాయి. రాష్ట్రం కలిసే ఉండి తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి ఇవ్వడం ఆరోది, కమిటీ మొగ్గు దానివైపే. హైదరాబాద్ రాజధానిగా తెలంగాణ ఇవ్వడం ఐదోది, రెండో స్థానం దానికి. నా దగ్గర ఐదో మార్గం పేజీల జిరాక్సు ఉండేది. బావగారి దగ్గర ఆరో మార్గానిది. మిగతా పుస్తకం ఇద్దరిలో ఎవరమూ చదవలేదు. కమిటీ లెక్కల్లో ఎక్కువ వెనకబడి కనిపించింది రాయలసీమ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ సీమ గోడు మా మైకులోనూ లేదు, వాళ్ళ మైకులోనూ సరిగా లేదు.

బావగారు ఇంకొకటి చెప్పారు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు అన్నాక అక్కడ జై ఆంధ్ర ఉద్యమం లేచింది కదా, అందులో వాళ్ళ నాన్నగారు జైలుకెళ్ళారట. "మా నాన్న విడిపోదామని జైలుకెళ్ళాడు, నేను కలిసుందామని రోడ్డెక్కాను," అన్నారు. ఆ గొడవల్లో వాళ్ళ అన్నగారికి కాలేజీలో ఒక ఏడాది పోయింది. 1969 తెలంగాణ ఉద్యమంలో మా అన్నకూ సరిగ్గా అట్లాగే ఒక ఏడాది పోయింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పరీక్షలు లేవని సంబరపడ్డాను. అన్న మాత్రం రాత్రుళ్ళు డాబా మీద ఒక్కడే కూర్చునేవాడు.

ఇక్కడ ఒకటి రాసిపెట్టుకోవాలి. మాటలు ఒకటే కాబట్టి రెండు పక్షాల బాధా ఒకటేనని నేను అనను. తెలంగాణ అడగడం న్యాయమని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది, తెలంగాణ ఉద్యోగాల్లో చేరిన స్థానికేతరులను వెనక్కి పంపమని. నా సర్వీసంతా అది అమలవుతుందని ఎదురుచూడటంతోనే గడిచింది. ఆ జీవోకు సరితూగేది బావగారి సర్వీసులో లేదు. అయితే షామియానా కింద నేను 610 గురించి ఎంతసేపు మాట్లాడాను? రెండు నిమిషాలు. జనం కదలరు. "ఆత్మగౌరవం" అంటే చప్పట్లు. అందుకని ఆత్మగౌరవం అనే అన్నాను. ఒక సాయంత్రం ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

బావగారూ అదే మాట అన్నారట. ఆ మాట తిరిగిన తిరుగుడు చూస్తే ఆశ్చర్యంగా ఉంది. 1982లో ఎన్టీఆర్ తెలుగువారి ఆత్మగౌరవమని ఢిల్లీ మీదికి తీశారు. మేము దాన్నే తీసుకుని తెలంగాణ ఆత్మగౌరవమని ఆంధ్ర నాయకుల మీదికి తిప్పాం. 2013 సెప్టెంబర్‌లో చంద్రబాబు ఆత్మగౌరవ యాత్రకు బయలుదేరారు. చేతులు మారినప్పుడల్లా ఆ మాట అరిగింది. వినేవాడికి అందులో ఎదుటివాడి గాయం ఏదీ కనబడదు, వాడు మన మాట దొంగిలించాడన్న కోపం తప్ప. నాకూ ఆ కోపం వచ్చింది. 2013లో టీవీలో వాళ్ళ సభలు చూస్తూ, అవి మా పాటలు, మా దీక్షలు, కాపీ కొడుతున్నారని ఇంట్లో కేకలేశాను. ఆ మాటల వెనక ఎవరున్నారో చూడాలని ఒక్క క్షణం కూడా తోచలేదు.

ఇవాళ అడిగాను. "నిజంగా భయపడింది దేనికి బావగారూ?"

చెప్పారు. రేపల్లె వైపు రెండెకరాలు, పడమటి డెల్టా చివరి ఆయకట్టు. పైన ఎవరు గేటు దించినా ముందు ఎండేది ఆ చేను. నాకు కాకతీయ కాలువ కింద ఎకరం పావు ఉండేది. అదీ చివరి ఆయకట్టే. నీళ్ళు కాగితం మీద వచ్చేవి. ఆ మాట చెబితే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత అల్లుడి సంగతి చెప్పారు. అప్పుడు కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండేవాడు. బస్సులో ఉన్నప్పుడు తండ్రి ఫోన్ చేస్తే తీసేవాడు కాదట. నోరు విప్పితే ఎక్కడివాడో తెలిసిపోతుందని. ఆ పిల్లవాడు ఇప్పుడు లోపల గదిలో కూతురికి బెలూన్లు ఊదుతున్నాడు. నాకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నేనూ చెప్పాను, మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి. 1986లో ఫైలు పట్టుకుని హైదరాబాద్‌లో పై ఆఫీసుకు వెళ్ళాను. "ఇయ్యాల సంతకం అయితదా సార్" అని అడిగాను. ఆ సీటులో ఉన్నాయన నా మాటను అట్లాగే సాగదీసి గదిలో అందరికీ వినిపించాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ ఆఫీసులోకి వెళ్ళేముందు వరండాలో నిలబడి, అడగవలసిన వాక్యాన్ని పుస్తకాల తెలుగులో రెండుసార్లు గొణుక్కుని లోపలికి వెళ్ళేవాణ్ణి. 42 రోజులు మైకు నా చేతిలో ఉంది. ఈ ఒక్క సంగతి చెప్పలేదు. సిగ్గేసింది. ఆత్మగౌరవం అని మాత్రం అరిచాను.

నాది ముప్పై ఏళ్ళ సంగతి, అల్లుడిది కొన్ని నెలల సంగతి అని లోపల ఒక లెక్క కదిలింది. ఉన్నమాటే కాబట్టి రాస్తున్నాను. కానీ ఆ బస్సులో మోగుతున్న ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లవాణ్ణి తలుచుకుంటే ఆ లెక్క ముందుకు సాగలేదు.

వాన పెరిగి జల్లు చాప మీదికి కొడుతోంది. బుట్ట లోపలికి జరిపాం. బావగారు చేతులు తుడుచుకుని, "ఆయన్ని ఏమని అడిగారు మీరు? ఇంకోసారి అనండి," అన్నారు.

"ఇయ్యాల సంతకం అయితదా సార్."

ఆయన నవ్వలేదు. "అవుతుంది బావగారూ. ముందు కూర్చోండి," అన్నారు.