ఉద్దానంలో ఇల్లు కట్టించాం: కాంట్రాక్టరును ఎలా ఎంచుకున్నామంటే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని మా పెంకుటిల్లు సగం కప్పు ఎగిరిపోయింది. కొన్నేళ్లు రేకులతో నెట్టుకొచ్చి, చివరికి శ్లాబు ఇల్లు కట్టాలని నిశ్చయించుకున్నాం. పదకొండు వందల చదరపు అడుగులు. సామానుతో సహా కట్టి ఇవ్వడానికి ముగ్గురు కాంట్రాక్టర్లు అడుగుకు 1,550, 1,800, 2,100 రూపాయలు చెప్పారు. మొదటి ధరకూ రెండో ధరకూ తేడానే 2,75,000. జీడితోట నేలకూలిన కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. నాన్న 1,550కే మొగ్గారు.

నేను ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చాను. సిమెంటు, ఇనుము ఏ రకం, పునాది ఎంత లోతు, సెప్టిక్ ట్యాంకు, మెట్లు, పిట్టగోడ, వైరింగ్... ధరలో ఏవి కలిశాయో, ఏవి విడిగానో రాయమన్నాను. తక్కువ ధర ఆయన కాగితంలో సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, కిటికీల గ్రిల్స్ అన్నీ విడి. అవి కలిపేసరికి తేడా లక్ష లోపుకు దిగింది. ఎక్కువ ధర ఆయనది ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్ హంగులు. అవి మాకు అక్కర్లేదు.

తర్వాత వాళ్ల పనులు చూడటానికి వెళ్లాం. నేను ఒక నిర్ణయానికి వచ్చింది అక్కడే. తక్కువ ధర ఆయన కడుతున్న ఒక ఇంటి మీద శ్లాబుకు ఇనుము కట్టి సిద్ధంగా ఉంది. కడ్డీలు నేరుగా సెంట్రింగ్ రేకులకు ఆనుకుని ఉన్నాయి, వాటిని రేకుల నుంచి ఎత్తి పట్టే చిన్న దిమ్మ, కవర్ బ్లాకు, కింద ఒక్కటీ లేదు. అడిగితే, "మాలు పోసేటప్పుడు పైకి లేపుతాం బాబూ" అన్నాడు మేస్త్రీ. లేపినా మాలు బరువుకు, మనుషుల కాళ్ల కింద మళ్లీ అడుగుకే చేరుతుంది. శ్లాబు అడుగున కడ్డీకి కనీసం 20 ఎంఎం కాంక్రీటు ఉండాలి, ఉప్పుగాలి తగిలే చోట అంతకన్నా ఎక్కువ కావాలి. లేకపోతే తేమ ఇనుమును చేరుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. తుపానుకు భయపడి కట్టుకునే ఇంట్లో ఇలాంటి పని నేను ఒప్పుకోలేను.

1,800 ఆయన ఆరేళ్ల కిందట కాశీబుగ్గలో కట్టిన ఇంట్లో బాత్రూము కప్పు, సన్‌షేడ్ల అడుగు చూశాం. ఎక్కడా తుప్పు మరక లేదు. ఆ ఇంటావిడ దాపరికం లేకుండా చెప్పారు: "చెప్పిన రోజుకు పనివాళ్లు రారు బాబూ. చెప్పిన సిమెంటు మాత్రం పడుతుంది." ఆలస్యం భరించవచ్చు అనుకున్నాం. బేరమాడితే 1,760కి దిగారు. పునాది, శ్లాబు, ప్లాస్టరింగ్ పూర్తయ్యే కొద్దీ డబ్బు, చివరి ఐదు శాతం ఒక వానాకాలం గడిచాక అని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం.

ఇనుము దిగిన రోజు 10 ఎంఎం కడ్డీలో మీటరు ముక్క కోయించి కిరాణా కొట్టు కాటా మీద తూయించాను. 617 గ్రాములు ఉండాలి, 610 తూగింది, సరిపోయినట్టే. కాంట్రాక్టరు నొచ్చుకోలేదు సరికదా, "12 ఎంఎంది కూడా చూసుకోండి" అని తనే ముక్క కోయించారు. శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం మాత్రం ఎవరికీ వదలకుండా రెండు వారాలు నాన్నే చూసుకున్నారు.

పని అనుకున్న గడువు దాటి మూడు నెలలు సాగింది. మొదటి వానలకు వంటింటి కిటికీ పక్క గోడ చెమ్మగిల్లింది. ఫోను చేస్తే ఆయన వచ్చి, కిటికీ చుట్టూ సందులు పూడ్పించి వెళ్లారు. మళ్లీ చెమ్మ రాలేదు. వానాకాలం దాటాక ఆ ఐదు శాతం నాన్నే తీసుకెళ్లి ఇచ్చి వచ్చారు.