నార్కోలెప్సీతో గర్భం, బాలింత రోజులు

నార్కోలెప్సీ, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, ఉన్న స్త్రీ బిడ్డను కనాలనుకుంటే, నెల తప్పకముందే నిద్ర జబ్బు చూసే డాక్టరుతోనూ పురుడు పోసే డాక్టరుతోనూ మాట్లాడి తీరాలి. మెలకువ కోసం తరచుగా రాసే మోడాఫినిల్‌ను గర్భిణులు వాడితే బిడ్డకు పుట్టుకతో అవయవ లోపాలు వచ్చే అవకాశం ఉందని 2019లో కెనడా ఆరోగ్య శాఖ హెచ్చరించింది. పైగా ఆ మందు గర్భనిరోధక మాత్రల పనిని దెబ్బతీస్తుంది, మానేసిన తరువాత కూడా ఆ ప్రభావం కొన్ని వారాలు ఉంటుంది. పెళ్లయిన ఆడపిల్లకు ఈ మాట చెప్పకుండా మందు చీటీ చేతికివ్వడం అన్యాయమని నా అభిప్రాయం.

డాక్టరు సలహాతో నేను ముందుగానే మందు ఆపాను. స్కూటీ తాళాలు మా ఆయన చేతికి వెళ్లాయి. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నం ముంచుకొచ్చే నిద్రతో పోరాడకుండా, వేళ పెట్టుకుని 20 నిమిషాలు పడుకోవడం అలవాటు చేసుకున్నాను. కాఫీ కూడా కొలిచే తాగాను, ఎందుకంటే గర్భిణికి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. నాకు గట్టిగా నవ్వు వస్తే మోకాళ్లు పట్టు తప్పుతాయి, దీనినే క్యాటప్లెక్సీ అంటారు. అందుకే సీమంతంనాడు వదినలు మేలమాడుతుంటే అమ్మ నన్ను చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి పక్కనే నిలబడింది. పురుటికి ముందే మత్తు డాక్టరుకు జబ్బు సంగతి చెప్పి, కేసు షీటులో రాయించుకున్నాం.

అసలు కష్టం పాలివ్వడంలో ఉంది. బిడ్డ నోట రొమ్ము ఉండగానే నా తల వాలిపోయేది, కాబట్టి సోఫాలోనూ కుర్చీలోనూ పాలివ్వడం పూర్తిగా మానేశాను. నేల మీద గట్టి పరుపు వేసి, దిండ్లూ దుప్పట్లూ తీసేసి, పక్కకు తిరిగి పడుకుని ఇచ్చేదాన్ని. అమ్మ మేలుకుని ఉండి, బిడ్డ ముక్కుకు నా ఒళ్లు గానీ కొంగు గానీ అడ్డం పడకుండా చూసి, కడుపు నిండగానే ఉయ్యాలలోకి మార్చేది. రాత్రి ఒక విడత పిండి ఉంచిన పాలు మా ఆయన పట్టేవారు, ఆ కాసేపు నాకు తెగని నిద్ర దొరికేది. బాలింత పగలు నిద్రపోతే ఒళ్లు నీరు పడుతుందని పెద్దమ్మ అభ్యంతరం చెప్పినప్పుడు, ఇది బద్ధకం కాదనీ, మెదడులో మెలకువను నిలిపే హైపోక్రెటిన్ కణాలు నశించడం వల్ల వచ్చిన జబ్బనీ అమ్మే ఓపికగా వివరించింది.

మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఒంటరిగా తేల్చుకోవలసిన విషయం కాదు. మోడాఫినిల్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 15 గంటలు పడుతుంది, కాబట్టి పాలిచ్చిన వెంటనే మాత్ర వేసుకుంటే సరిపోతుందనే లెక్క దానికి కుదరదు. ఆ మాట చెప్పి, మా డాక్టరు బిడ్డ పాలు మానేవరకు ఆగమన్నారు.