రంగు ఊడిన నంబర్ ప్లేటు: డబ్బు కట్టకుండా మార్పించుకోవడం

హై సెక్యూరిటీ ప్లేటు మీద అంకెల నలుపు పొరలు పొరలుగా లేచిపోతుంటే పెయింటుతోనో మార్కరుతోనో దిద్దకండి. నా కారు వెనక ప్లేటును అలాగే ఉంచబట్టే పని జరిగింది. ఒకసారి దిద్దామంటే తప్పు తయారీదా, మనదా అన్నది తేలదు.

ఆ నలుపు బ్రష్షుతో వేసింది కాదు. 1 మి.మీ. అల్యూమినియం రేకు మీద రిఫ్లెక్టివ్ షీటు అంటించి, అంకెల్ని ఉబ్బెత్తుగా అచ్చు కొట్టి, ఆ ఉబ్బు మీద వేడితో నల్ల ఫిల్ము అద్దుతారు. వేడీ ఒత్తిడీ చాలకపోతే ఫిల్ము పట్టదు. నా ప్లేటు మీద 8 అంకె లోపలి అంచుల దగ్గర మొదలై, గోరు తగిలితే రాలేదాకా వచ్చింది. గీత, సొట్ట ఏమీ లేవు. దెబ్బ తగిలి వంగిన ప్లేటైతే ఉచితంగా అడగలేం.

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండికి ప్లేట్లు ఇవ్వాల్సింది కంపెనీ, బిగించాల్సింది డీలరు. అందుకే ముందు డీలరు దగ్గరికే వెళ్లాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50వ నియమం షీటుకు కనీసం 5 ఏళ్ల గ్యారంటీ ఉండాలంటుంది. "ఊడింది షీటు కాదు, రంగు కదా" అన్నారు కౌంటర్లో. అక్షరాల రంగు కూడా చెదరనిదై ఉండాలని అదే నియమం చెబుతుంది. ఆ మాటే దరఖాస్తులో రాసి, ఆర్‌సీ కాపీ, ఇన్వాయిస్, నాలుగు ఫొటోలు జతచేశాను: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ఊడిన అంకె దగ్గరగా ఒకటి, లేజర్ నంబరు (ప్లేటు మీద లేజరుతో చెక్కిన దాని సొంత వరుస నంబరు) చదవగలిగేలా ఒకటి. కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోవడం మరవకండి. కాదంటే కారణం రాసిమ్మనండి. అప్పటికీ కదలకపోతే కంపెనీ కస్టమర్ కేర్, ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్లేటును ఇంట్లో ఊడదీసి పట్టుకెళ్లొద్దు. ప్లేటును బండికి బిగించే స్నాప్ లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు, బండినే తీసుకెళ్లాలి. పాత ప్లేటు అక్కడే అప్పగించాలి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. ముందు ప్లేటుకూ వెనక ప్లేటుకూ లేజర్ నంబర్లు వేరు. ఒక్కటి మార్చినా కొత్త నంబరు వస్తుంది. కారు అద్దం మీది స్టిక్కరులో రెండు నంబర్లూ ఉంటాయి కాబట్టి స్టిక్కరు కూడా కొత్తది అడగాలి. పాతది పీకితే చిరిగిపోతుంది, అది దాని తీరే. బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వాహన్ రికార్డులో కొత్త లేజర్ నంబరు ఎక్కిందో లేదో డీలరు స్క్రీన్ మీదే చూసుకున్నాక బండి బయటికి తీశాను.